తొంభై రెండు గ్రాములు

తొంభై రెండు గ్రాములంటే
గుప్పిట్లో పట్టే బెల్లం ముక్క.
అంతే పోశాం
పెదజాలారిపేట మైలపల్లి కొర్లమ్మ చేపలపెట్టెలో.

ప్రొపేన్.
మీ వంటింటి బండలో ఉన్నది దీని చుట్టమే.
కాకపోతే దానికి వాసన కలిపి పంపుతారు,
పిల్లి మెడలో గంట కట్టినట్టు.
దీనికి గంట లేదు.
కారితే రంగుండదు, వాసనుండదు,
గాలికన్నా బరువు కాబట్టి పైకీ పోదు.
నేలమీదికి జారి, గడప వారగా
కుక్కపిల్లలా ముడుచుకుని పడుకుంటుంది
ఎవరో అగ్గిపుల్ల గీసేదాకా.

మరెందుకిది అంటే,
చలిని మోసే కూలీల్లో ఇంత ఒళ్లొంచేది ఇంకోటి లేదు.
పాత పెట్టె రోజుకి ఆరు యూనిట్లు తాగేది,
ఇది మూడున్నరతో సరిపెట్టుకుంటుంది.
పాత గ్యాసు చిల్లు పడితే ఆకాశానికి దుప్పటి కప్పేది.
ఇది అక్కడ నాలుగు రోజులు కూడా నిలవదు.
దాని కోపమంతా నేలమీదే.

పదకొండు నెలలు, గాజువాక ఆటోనగర్ షెడ్డులో,
ఆ కోపానికి దారులు మూస్తూ కూర్చున్నాం.
ఏడు అతుకుల్ని మూడు చేశాం,
అతుకున్న చోటే కదా ఊటుండేది.
ఈ ఊరి ఉప్పుగాలి రాగిని పచ్చగా నాకుతుంది,
అందుకని గొట్టాలకి లక్క పూత.
రిలేని సీలు పెట్టెలో బంధించి నడుమెత్తుకి జరిపాం.
నిప్పురవ్వ పుట్టినా దాని ఇంట్లోనే చావాలి.
సబ్బునురగ రాసి, బుడగ ఊరుతుందేమోనని
ఇందుమతి టార్చి పట్టుకుంటే
నేను ఊపిరి బిగబట్టి చూసిన రాత్రులు
ఎన్నో లెక్క రాయలేదు.

గ్యాసు అన్న మాట వినగానే
కుర్రాడు అప్పలకొండ తల తిప్పేసుకుంటాడు.
ఈ ఊళ్లో ఎందుకని అడగక్కర్లేదు.
అడగలేదు.
వాడే రోజూ అందరికన్నా ముందొచ్చి
నేలవారగా పెట్టిన సెన్సరుకి దుమ్ము తుడుస్తాడు.

పెట్టె దింపిన రోజు కొర్లమ్మ మూత ఎత్తి చూసింది.
"ఇదేటి బాబూ, లోపల దీపం నేదు?
పాతదాన్లో ఎలిగీది."
స్విచ్చి నొక్కినప్పుడల్లా ఒక రవ్వ పుడుతుందమ్మా,
దీపం తీసేశాం అన్నాను.
"సీకట్లో సేపకేటి బయిం, నాకే గానీ" అని నవ్వి
కోనెం ముక్కలూ కానాగంతలూ పేర్చింది.
ఐసుకని పొద్దున్నే హార్బరుకి నడిచే నడక
ఇక లేదన్న సంగతి
ఆమె మోకాళ్లకి ఇంకా తెలియలేదు.

అప్పుడు పళ్లెం తీసింది.
పసుపు, కుంకం, కొబ్బరికాయ,
కర్పూరం.
వెలిగించి
పెట్టె కాళ్ల దగ్గర,
సరిగ్గా అక్కడ,
కూర్చుంది.

లెక్క నాకు తెలుసు.
ఘనమీటరుకి ముప్పై ఎనిమిది గ్రాములు చేరితే తప్ప అంటుకోదు.
అతుకుల్లో ఊట లేదు, ఫ్యాను తిరుగుతోంది,
తలుపు సముద్రం వైపు బార్లా తెరిచుంది.
అంతా తెలిసే
నా అరచేతులు చెమర్చాయి.
పదకొండు నెలల్లో అన్నీ గీశాం కాగితం మీద,
పొయ్యి, బీడీ, పక్కకొట్టు వేపుడు మూకుడు.
దణ్ణం గీయలేదు.

"కొంచెం పైకెత్తవా అమ్మా" అన్నాను.
ఎత్తింది.
"ఇంకాస్త."
తలకన్నా పైకెత్తి, చేతులు వణుకుతుండగా తిప్పింది.
నన్ను భక్తుడనుకుంది కాబోలు,
నా కళ్లకి కూడా అద్దింది ఆ వేడిని.

ఆ వరసలో ఇప్పుడు ఏ పెట్టె దిగినా
హారతి తలమీదికెత్తే ఇస్తున్నారట.
ఎందుకంటే, మా ఆచారం అంటున్నారట.
అప్పలకొండ చెప్పాడు, మొదటిసారి నవ్వుతూ.

నేను షెడ్డులోనే ఉన్నాను.
తొంభై రెండుని ఎనభై ఐదు చేయగలమేమో,
ఇందుమతి ఇంకో గొట్టం వంచుతోంది.